అటక మీది అట్టపెట్టెలు

పోయిన వారం మా ఇంటి ముందు ఒక ఆటో ఆగి, అందులోంచి మడిచిన అట్టపెట్టె ఒకటి దిగింది. పురికొసతో నిలువునా అడ్డంగా కట్టి ఉంది. దాని వెనకే గోనెసంచిలో థర్మోకోలు దిమ్మెలు, ఒక్క మూల కూడా విరగకుండా. ఆటో ఆయన వాటిని గోడకు ఆనించి, "మేష్ట్రే, మీ ఫ్రిజ్జు డబ్బా. కార్డప్ప ఇల్లు ఖాళీ చేస్తాండారు. ఎవురిది వాళ్ళకు చేర్చమన్నారు" అన్నాడు.

పెట్టె మీద స్కెచ్ పెన్నుతో కన్నడ అక్షరాల్లో నా పేరు. దాని కింద, నా పేరు కంటే పెద్దగా, "విప్పకూడదు" అన్న హెచ్చరిక.

ఆ ఫ్రిజ్జుకు వయసైపోయింది. తలుపు రబ్బరు సడలి మూతపడకపోతే మా ఆవిడ నా పాత పంచె చించి దానికి నడికట్టు కట్టింది. వేసవిలో అది చెమటలు కారుస్తూ మూలుగుతుంది. నేనూ అంతే. మా ఇద్దరికీ గ్యారంటీ ఎప్పుడో తీరిపోయింది. పెట్టె మాత్రం నిన్ననే కొట్టులోంచి వచ్చినట్టుంది. దాన్ని చూస్తూ అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను.

ఆయన పేరు రాయను. రాసినా కర్ణాటకలోని మా చింతామణిలో సగం మందికి అది ఆయనేనని తెలియదు. మునియప్ప, నారాయణప్ప, వెంకటప్ప ఉన్న వీధిలో ఆయన కార్డప్ప. ఆడవాళ్ళకు కార్డన్న. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టులో రేష్మె ఇలాఖె, అంటే పట్టు పరిశ్రమ శాఖ, ఉద్యోగి. పట్టుగూళ్ళు తూకం వేయించే చోట నిలబడి, పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వచ్చేవాడు. చొక్కా మీద ఎప్పుడూ ఒకటో రెండో పట్టు పోగులు అంటుకుని ఉండేవి. జీతం పడే బ్యాంకువాళ్ళు ఒకరోజు ఆయనను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, చేతిలో క్రెడిట్ కార్డు పెట్టి పంపారు. ఇదేదో మోసమని ఆయన దాన్ని కవరు కూడా చించకుండా దేవుడి పటం వెనక దాచాడు.

దాన్ని బయటికి తీయించింది ఒకే ఒక్క మాట. ఈ కార్డు మీద టీవీయో ఫ్రిజ్జో కొంటే, కంపెనీవాళ్ళ గ్యారంటీ అయిపోయాక కార్డువాళ్ళు ఇంకో ఏడాది గ్యారంటీ ఇస్తారని ఎవరో చెప్పారు. కార్డుతో అప్పు దొరుకుతుందన్నది ఆయనకు పట్టలేదు. అప్పు చేయడం ఆయన ఒంటికి సరిపడదు. కానీ ఒక వస్తువుకు ఏడాది ఆయుష్షు ఊరికే కలిసొస్తుందంటే, ఆ మాట ఆయనను పట్టుకుని ఊపేసింది.

"చూడు మేష్ట్రే, కంపెనీవోడు ఏడాది తర్వాత చేతులెత్తేస్తాడు. అప్పుడేమి? ఇంకో ఏడాది ఉండాది కదా!" అనేవాడు, తనే ఆ ఏడాదిని ఎక్కడి నుంచో మోసుకొచ్చినట్టు.

ఆ తర్వాత మా వీధిలో ఎవరు ఏది కొన్నా ఆయన వెంట వెళ్ళాల్సిందే. ఇస్త్రీ చొక్కా తొడుక్కునేవాడు. భార్య పాత పట్టు రవికె గుడ్డతో కుట్టిన చిన్న సంచిలోంచి కార్డు తీసి, రెండు కళ్ళకూ అద్దుకుని, అప్పుడు కొట్టువాడి చేతికిచ్చేవాడు. కొన్నవాళ్ళు అక్కడికక్కడే ఆయన చేతిలో నోట్లు పెట్టేవాళ్ళు, ఆయన దారిలోనే బ్యాంకులో కట్టేసి వచ్చేవాడు. అంతటితో ఆ లెక్క సరి. ఆయన అడిగేది ఒక్కటే: "డబ్బా నాకియ్యి." పెట్టె మీద నంబరు ఉంటుంది, క్లెయిము అడిగేనాటికి అది కావాలి, మీ ఇళ్ళల్లో అయితే పొయ్యిలో పెట్టేస్తారు అని వాదన. అలా మా అందరి ఫ్రిజ్జుల, టీవీల, మిక్సీల, వాషింగ్ మిషన్ల పెట్టెలు ఆయన అటకెక్కాయి.

"ఇంత మందికి నీ కార్డేమిటికప్పా?" అని నేనొకసారి అడిగాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "మా నాయన ఎద్దుల జతతో సోమేనహళ్ళిలో ఊరంతా దున్నుకునిరి. వాళ్ళు మా చేనికి కలుపుకొచ్చిరి. ముయ్యి అంటే అదే కదా. ఎద్దులు ఎవురివని నేల అడిగిందా? ఇదీ అంతే. నాకాడ ఎద్దుల్లేవు, ఈ ముక్క ఉండాది."

మా వైపు ముయ్యి అంటే ఇచ్చిపుచ్చుకోవడమే. ఈరోజు మీ చేనికి నేను, రేపు మా చేనికి మీరు. ఆ లెక్కలోకి బ్యాంకు కార్డును కలిపినవాడు నాకు తెలిసి ఆయనొక్కడే.

దసరాలో ఆయుధపూజ వస్తుందంటే ఆయనకు గుండెదడ. మా దగ్గర ఆ రోజు కొడవలి నుంచి కారు దాకా అన్నిటినీ కడిగి, విభూది రాసి, కుంకుమ పెట్టి, బూడిదగుమ్మడికాయ కొడతారు. ఆయన పొద్దున్నే వీధంతా తిరిగేవాడు. "అమ్మా, టీవీని కడగొద్దండి. నీళ్ళు పోతే గ్యారంటీ పోతాది. కుంకుమ మిషనుకు పెట్టొద్దు, కాయితానికి పెట్టి ఆ కాయితం అతికించండి." ఒక ఏడాది పాలు పోసే రత్నమ్మ ఫ్రిజ్జుకు తలస్నానం చేయించబోతూ దొరికిపోయింది. ఆయన ఆ బిందెకు అడ్డం పడి తడిసిపోయాడు. "దేవుడికి కోపమొస్తే?" అని ఆవిడ. "దేవుడికి కోపమొస్తే కొబ్బరికాయ కొడితే పోతాది. కార్డోళ్ళకొస్తే ఏం కొడితే పోతాది?" అని ఈయన, ముక్కు మీద నీళ్ళు తుడుచుకుంటూ.

మరలు విప్పడం ఆయన దృష్టిలో మహాపాపం. ప్రతి మిషను వెనకా ఏదో ఒక మర మీద గోరంత వెండిరంగు కాగితం అంటించి ఉంటుంది. అది చిరిగితే గ్యారంటీ లేదు. "విప్పొద్దు" అన్నది ఆయన నోట అన్నిటికంటే ఎక్కువగా వచ్చే మాట. చిన్నపిల్లలు ఆయన కనబడితే నిక్కరు గుండీలు పట్టుకుని "విప్పంలే తాతా" అని అరిచి పారిపోయేవాళ్ళు.

క్లెయిము అడగాల్సి వచ్చినప్పుడు నన్ను పిలిచేవాడు. నేను హైస్కూల్లో కన్నడం మేష్టరుని. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, ఇంగ్లీషు వినబడిన చోట మౌనం: ఇదీ నా త్రిభాషా సూత్రం. అయినా చదువుకున్నవాణ్ణని ఆయనకు నమ్మకం. ఫోను స్పీకరులో పెట్టి ఇద్దరం చాప మీద కూర్చునేవాళ్ళం. అవతలి గొంతు వర్తించనివాటిని చదువుకుంటూ పోయేది. కిందపడి పగిలినవి వర్తించవు. కరెంటు ఎక్కువై కాలినవి వర్తించవు. అరిగిపోయే భాగాలు వర్తించవు. పాత సామాను వర్తించదు. బయటివాళ్ళ చేత విప్పించినవి వర్తించవు. వ్యాపారానికి కొన్నవి, కార్డుదారుడి కుటుంబం వాడుకోనివి వర్తించవు. కొట్టులో వర్తకం జరిగేటప్పుడు అన్నీ వర్తించి, చెడిపోయాక ఏదీ వర్తించకపోవడం నాకు వింతగా తోచేది. ఆయన మాత్రం పురాణం వింటున్నట్టు తల ఊపుతూ, అంతా అయ్యాక, "సరే తల్లీ, వర్తించేదేదో అది చెప్పు" అనేవాడు.

నిజానికి రెండు మూడు సార్లు గెలిచాడు కూడా. దర్జీ ఆయన టీవీ బాగై వచ్చిన రోజు వీధిలో మిఠాయి పంచారు. దానితో ఆయనకు కార్డు మీదా, వీధికి ఆయన మీదా నమ్మకం ఇంకా ముదిరింది.

ఆయన భార్యను నేను అక్కా అని పిలిచేవాణ్ణి. పిల్లల్లేరు. పెళ్ళికి ముందూ తర్వాతా ఆమె శిడ్లఘట్టలో గూళ్ళు ఉడకబెట్టి దారం తీసే షెడ్డులో పనిచేసింది. ఆ ఆవిరి, ఆ పొగ, ఆ నుసి అంతా ఆమె ఊపిరితిత్తుల్లో దాచుకుంది. నేనెరిగేనాటికే నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకునేది. కానీ నోరు మాత్రం గోడ పట్టుకునేది కాదు.

"ఈయప్పకు నాకంటే డబ్బాల మీదే పానం, మేష్ట్రే. నన్నేమన్నా అటకెక్కించి గుడ్డ కప్పినాడా?"

"నిన్నెట్ల ఎక్కిస్తామే, నీకు నంబరు లేదు కదా."

"మా నాయన గ్యారంటీ కార్డు ఈలేదు. నువ్వు అడగనూ లేదు. ఇంగ అనుభవించు."

ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఆమె నవ్వు దగ్గులోకి జారేది. దగ్గు ఆగేదాకా ఆయన కిటికీ బయటికి చూసేవాడు.

చిక్కబళ్ళాపురంలో డాక్టరు, ఇంక ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకోవాలన్నాడు. గాలిని లోపలికి లాక్కుని, అందులోంచి ప్రాణవాయువును వేరుచేసి, సన్నటి గొట్టంలో ముక్కు దగ్గరికి పంపే మిషను. రోజులో ఎక్కువసేపు అది పెట్టుకునే ఉండాలి. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కార్డు కళ్ళకద్దుకుని, అక్కడే కొన్నాడు. ఇల్లు చేరాక మొదట చేసిన పని వెనక మర మీది వెండి కాగితాన్ని వేలితో తడిమి చూసుకోవడం. "కంపెనీది అయిపోయినాక ఇంకో ఏడాది ఉండాది" అన్నాడు. ఈసారి ఆ మాట మిషను గురించా, ఆమె గురించా అని నేను అడగలేదు.

కంపెనీ గ్యారంటీ తీరిపోయి, కార్డువాళ్ళ ఏడాది మొదలైన కొద్దిరోజులకే మిషను కూయడం మొదలుపెట్టింది. ఎర్రలైటు. తిరుగుతూనే ఉంది, గాలీ వస్తోంది, కానీ అందులో బలం లేదు. ఆక్సిజన్ సిలిండరు ఒకటి అద్దెకు తెచ్చి ఆమెకు తగిలించి, ఆయన కార్డువాళ్ళకు ఫోను చేశాడు. వాళ్ళు తనిఖీకి మనిషిని పంపుతామన్నారు. అంతదాకా మిషను విప్పకూడదన్నారు. ఆయనకు ఆ మాట చెప్పాల్సిన పని లేదు.

కంప్రెసర్లు బాగుచేసే రఫీ వచ్చి మిషను పక్కన గొంతుక్కూర్చున్నాడు. చెవి ఆనించి విన్నాడు.

"అన్నా, లోపల యాడో గాలి లీకవుతాండాది. మూత తీసి చూస్తా."

"వద్దు."

"చూసేదానికేముండాదన్నా? చూసి మళ్ళీ బిగిస్తా."

"విప్పితే సీలు పోతాది. సీలు పోతే ఏడాది పోతాది. గమ్మునుండప్పా, వాళ్ళొస్తారు."

"ఆ యమ్మ మొగం చూడన్నా."

"ఆమె మొగం చూసే చెప్తాండా!" అని ఆయన మొదటిసారి కేక వేశాడు. "ఇప్పుడు నువ్వు బాగుచేసి, రేపు పెద్దదేదన్నా పోతే? అప్పుడు ఎవుర్ని అడగల్ల? ఇంత మందికి ఇప్పిచ్చినా. నాకు ఈరా?"

రఫీ స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సిలిండరు అయిపోతే మార్చడానికి ఆటోలో పోవాలి, ముందే చెప్పుకోవాలి, ఒక్కోసారి లేదంటారు. మంచం పక్కన ఆ ఇనుప బండ, ఎంత మిగిలిందో చూపే దాని మీటరు ముల్లు. ఆమె నిద్రపోతుంటే ఆయన ముల్లును చూస్తూ కూర్చునేవాడు. గోడ వారగా మిషను, సీలు చెక్కుచెదరకుండా. వారాలు గడిచాయి.

చివరికి తనిఖీ మనిషి వచ్చాడు. బెంగళూరు నుంచి కారులో. ముప్పై దాటి ఉండడు. మర్యాదగా చెప్పులు బయట విడిచి, కన్నడంలో మాట్లాడుతూ ఫోను తీసి మిషనును ఫోటోలు తీశాడు. సీలు చూసి, "చక్కగా ఉంది" అన్నాడు. కార్డప్ప ముఖం వెలిగింది. అంతలో లోపలి నుంచి ఆమె దగ్గు విని ఆ మనిషి అప్రయత్నంగా తెలుగులో, "పాపం, శానా దినాల నుంచి ఉండాదాప్పా ఈ దగ్గు?" అన్నాడు.

అంతే. "ఏ ఊరప్పా మీది?" అన్నారు గుమ్మంలో నిలబడ్డ మా వీధివాళ్ళంతా ఒక్క గొంతుతో.

"బాగేపల్లి పక్కన."

"మనోడే!" అంది రత్నమ్మ.

ఆ ఒక్క మాటతో అతను తనిఖీ మనిషి కాకుండా పోయాడు. ఎవరింటివాడో, అమ్మ పుట్టిల్లు ఎక్కడో, పెళ్ళయిందో లేదో తేలాక వీధి వీధంతా లోపలికొచ్చింది. మనవాడి ముందు దాపరికమేముంది? పైగా కార్డప్ప ఎంత మంచివాడో చెబితే పని తొందరగా అవుతుందని అందరి ఆశ.

"నాయనా, ఈయప్ప లేకపోతే మా ఇంట్లో ఫ్రిజ్జు యాడిది? పాలన్నీ యిరిగిపోతా ఉండె. ఈయప్ప కార్డులోనే తీసిచ్చినాడు."

"మా టీవీ కూడా సార్, ఈ అన్నదే కార్డు. ఒక్క పైసా తీసుకోలేదు."

"మా చెల్లెలు మంచేనహళ్ళిలో ఉంటే, ఆడికి పోయి వాషింగ్ మిషను ఇప్పిచ్చొచ్చినాడు. ఇట్లాంటోడికి చేయకపోతే ఎవురికి చేస్తారప్పా?"

అతని ముఖం మారడం నేను చూశాను. ఫోనులో మాటలు రికార్డవుతున్నట్టుంది, ఆపి దాన్ని బోర్లా పెట్టాడు. "అమ్మా, మీరంతా బయటుండండి, నేను పెద్దాయనతో మాట్లాడతా" అన్నాడు. వాళ్ళు దాన్ని వినయమనుకుని ఇంకా ముందుకొచ్చారు. విషయం నాకు అప్పటికి తట్టింది. ఏం చేయాలో తోచక, "కాఫీ తెస్తా" అని లేచాను. గండం వచ్చినప్పుడు నాకు తోచే ఉపాయం కాఫీ ఒక్కటే. నేను తెచ్చేలోపల దర్జీ ఆయన అటక చూపించేశాడు. "చూడండి సార్, ఎంత జతనంగా పెట్టినాడో, ఊరోళ్ళ డబ్బాలన్నీ!"

అతను తలెత్తి ఆ అట్టపెట్టెలను చూశాడు. ఒక్కోదాని మీదా ఒక్కో పేరు.

"పెద్దాయనా, ఈ సామాన్లన్నీ మీ కుటుంబానివేనా?" అని మెల్లగా అడిగాడు. ఇప్పటికైనా అవుననండి అన్నట్టుంది ఆ గొంతు. రత్నమ్మను పిన్నమ్మ అనొచ్చు, దర్జీని తమ్ముడనొచ్చు. మా వీధిలో అలా పిలుచుకోనివాళ్ళు ఎవరు?

"మావోళ్ళవే" అన్నాడు కార్డప్ప.

"కుటుంబమంటే భార్యా పిల్లలప్పా."

కార్డప్ప లోపలి గది వైపు చూశాడు. "అట్లంటే మేమిద్దరమే. ఇద్దరికి ఇంత కార్డేమిటికప్పా?"

కాఫీ గ్లాసు అందుకుని అతను నన్ను బయటికి తీసుకొచ్చాడు. "సార్, నేను చూసింది రాయల్ల. అటక ఫోటో తీయల్ల. రెండు తూర్లు ఫోను బోర్లా పెట్టినా, మీవాళ్ళు మాట్లాడేది నిలపలేదు" అన్నాడు. మీవాళ్ళు అన్నాడు. లోపలివాళ్ళకు అతనింకా మనవాడే. కాఫీ తాగకుండానే గ్లాసు అరుగు మీద పెట్టి వెళ్ళాడు.

వీధి మొత్తం సంతోషంగా ఇళ్ళకు పోయింది. పని అయిపోయిందనే అనుకున్నారు. లోపల ఆమె ముక్కు దగ్గరి గొట్టం సరిచేసుకుని, నన్ను దగ్గరికి రమ్మంది. ఆమెకు అంతా అర్థమైంది.

"చూస్తివా మేష్ట్రే? నా వీధోళ్ళు పొగిడి పొగిడి నన్ను పాడెక్కించినారు" అని నవ్వింది. "ఈయప్పకు చెప్పొద్దు. ఎదురు చూస్తాండనీ. ఎదురు చూసేదంటే ఆయనకు ఇష్టం."

ఆయన ఎదురు చూశాడు. జవాబు వచ్చేదాకా విప్పకూడదు కాబట్టి మిషను అలాగే ఉంది. రఫీ ఒకసారి మళ్ళీ వచ్చి గుమ్మంలోంచే వెళ్ళిపోయాడు. ఒక పొద్దున ఇంకో సిలిండరు తేవడానికి ఆయన ఆటోలో పోయాడు. వెళ్ళేటప్పుడు ముల్లు చూశాడట, వచ్చేదాకా సరిపోతుందనుకున్నాడట. అక్కడ ఆలస్యమైంది. రత్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆటో వీధి మొదట్లోకి వచ్చేసరికి రత్నమ్మ ఏడుపు వినబడింది. ఆయన దిగలేదు. నిండు సిలిండరును రెండు చేతులా కావలించుకుని ఆటోలోనే చాలాసేపు కూర్చుండిపోయాడు. మేమే వెళ్ళి దాన్నీ ఆయననూ విడదీసి దించాము.

మిషను పనిచేస్తున్నా పెద్ద తేడా ఉండేది కాదని డాక్టరు తర్వాత అన్నాడు. ఓదార్చడానికి అన్నాడో, నిజమే అన్నాడో నాకు తెలియదు. ఆయన నమ్మలేదని మాత్రం తెలుసు.

కర్మాంతరం నాడు, విస్తళ్ళు వేస్తుండగా ఆయన ఫోను మోగింది. మెసేజి. "చదువు మేష్ట్రే" అని నా చేతికిచ్చాడు. కార్డుదారుడి కుటుంబ వినియోగానికి కాక ఇతరుల కోసం కొనుగోళ్ళు జరిగినట్టు తేలినందున కార్డు మీద ఈ సదుపాయం వర్తించదని, విచారిస్తున్నామని ఉంది. నా బతుకులో ఇంగ్లీషు అంత స్పష్టంగా అర్థమైన రోజు ఇంకొకటి లేదు. తెలుగులో చెప్పాను. ఆయన విని, తల ఊపి, "రత్నమ్మకు చెప్పొద్దు. దర్జీకి చెప్పొద్దు. బాధపడతారు" అన్నాడు. ఆ తర్వాత పంక్తిలో నిలబడి అందరికీ తనే నెయ్యి వడ్డించాడు.

మర్నాడు పొద్దున రఫీని పిలిపించాడు. నేనూ అక్కడే ఉన్నాను. "విప్పు" అన్నాడు.

రఫీ ఆ వెండి కాగితం ముందు ఒక క్షణం ఆగాడు. ఆయనే గోటితో దాన్ని గీకి చించేశాడు. మూత ఊడింది. లోపల, అరచేతి పొడవున్న ఒక రబ్బరు గొట్టం మెలిక దగ్గర పగిలి ఉంది. రఫీ సంచిలో వెతికి అలాంటి ముక్కే ఒకటి తీసి, కోసి, తగిలించి, క్లిప్పు బిగించాడు. అప్పటికి, కాఫీకని పొయ్యి మీద పెట్టిన పాలు ఇంకా పొంగలేదు. మిషను ఆన్ చేస్తే కాసేపటికి పచ్చలైటు వెలిగింది.

ఆయన మంచం కోడుకు చుట్టి ఉన్న సన్నగొట్టాన్ని విప్పి, మిషనుకు తగిలించి, దాని కొసను చెంపకు ఆనించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"గాలొస్తాండాది" అన్నాడు. "బాగొస్తాండాది."

ఆ రోజల్లా ఆ మిషను ఖాళీ మంచం పక్కన తిరుగుతూనే ఉంది. సాయంత్రం నేనే ప్లగ్గు తీశాను.

ఆ తర్వాత ఆయన కొట్లకు రాలేదు. ఎవరైనా కార్డు అడిగితే "తేదీ అయిపోయిందప్పా" అనేవాడు. అటక వైపు చూసేవాడు కాదు. కానీ మిషను మాత్రం ఇంట్లో నిలవలేదు. దర్జీ వాళ్ళ నాయనకు ఊపిరి అందకపోతే తనే ఆటోలో పెట్టి తీసుకెళ్ళాడు. అక్కడ పని తీరాక శిడ్లఘట్టలో ఇంకో ఇంటికి. దారం తీసే షెడ్లలో పనిచేసి అలా అయినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎంతమందో ఆయనకు తెలుసు. ఎవరికిచ్చినా మిషను పిడికి పట్టుదారం పేనిన తాడుతో ఒక స్క్రూడ్రైవరు వేలాడుతుండేది. మూత మీద, లోపల ఏ గొట్టం ఎక్కడుందో బొమ్మ గీసి అంటించాడు.

"ఏమన్నా అయితే ఏం చేయల్లన్నా?" అని అడిగితే ఒకటే జవాబు. "విప్పి చూసుకో."

ఈమధ్యే ఒకరోజు చిక్కబళ్ళాపురం మీదుగా మంచేనహళ్ళి పోయి, ఎవరింట్లోనో ఆ మిషను దింపి, తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. చింతామణిలో అందరూ దిగాక కండక్టరు వచ్చి భుజం తట్టినా లేవలేదు. చొక్కా మీద ఆ రోజు కూడా ఒక పట్టు పోగు ఉందట.

పోయిన వారం నా ఫ్రిజ్జు డబ్బా దింపిన ఆటో వెళ్ళిపోయాక నేను ఆయన ఇంటిదాకా నడిచాను. ఆయన తమ్ముడి కొడుకు అటక మీది చివరి పెట్టెలు దించుతున్నాడు. అన్నిటి మీదా పేరు, అన్నిటి మీదా "విప్పకూడదు." ఒక్క ఆక్సిజన్ మిషను పెట్టె మీద మాత్రం ఆ మాట అడ్డంగా కొట్టేసి ఉంది. ఎవరి పేరూ లేదు. "దీన్ని ఎవురికియ్యల్ల సార్?" అని అడిగాడు. నాకిమ్మన్నాను. ఇంట్లో ఫ్రిజ్జు పెట్టె పక్కన దాన్ని కూడా నిలబెట్టాను. మా ఆవిడ రెండింటినీ, నన్నూ చూసి లోపలికి వెళ్ళిపోయింది.

నిన్న మధ్యాహ్నం ఒక ఫోను వచ్చింది. మంచేనహళ్ళి నుంచి, ఎవరో ఆడమనిషి. కార్డప్ప ఫోనుకు చేస్తే తమ్ముడి కొడుకు నా నంబరిచ్చాడట.

"అప్పా, మిషను కూస్తాండాది. ఎర్రలైటు ఎలుగుతాండాది. మాయత్తకు పెట్టిండాము. ఎవురికి చెప్పల్ల?"

రఫీ ఊళ్ళో లేడు, గౌరిబిదనూరులో పెళ్ళికి పోయాడు. నాకు మిషన్ల గురించి తెలిసింది ప్లగ్గు పెట్టడం, తీయడం.

"సిలిండరుందామ్మా?"

"ఉండాదప్పా, అదే పెట్టినాము. రొంత ఉండాది అందులో."

"ముందు ప్లగ్గు తియ్యి. తీసినావా? పిడికి స్క్రూడ్రైవరు కట్టుంటాది చూడు."

"ఉండాది." స్క్రూడ్రైవరు మిషనుకు తగిలిన చప్పుడు. "భయమైతాండాదప్పా. నేనెట్ల విప్పేది? ఏమన్నా అయితే ఎవురు పూచీ?"

నా ఎదురుగా గోడకు ఆ రెండు పెట్టెలూ ఉన్నాయి.

"విప్పమ్మా" అన్నాను. "ఫోను కిందపెట్టి, మెల్లగా విప్పు. నేనీడే ఉంటా."

ఫోను నేల మీద పెట్టినట్టుంది. ఎవరో ముసలామె దగ్గు, దూరంగా ఎక్కడో పాల వ్యాను హారను. నేను చెవికి ఆనించుకుని కూర్చున్నాను. చాలాసేపటికి, మొదటి మర ఊడి నేలబండ మీద పడిన చప్పుడు వినిపించింది.